రాడార్ వానను గేజ్‌తో సరిచేయడం: ఒక గంట వర్షంపై పూర్తి లెక్క

ఒక సి-బ్యాండ్ డాప్లర్ రాడార్. చుట్టూ 104 కిలోమీటర్ల లోపు పది టిప్పింగ్ బకెట్ రెయిన్ గేజ్‌లు (లోపలి చిన్న బకెట్ నిండిన ప్రతిసారీ ఒరుగుతుంది, ఆ ఒరుగుళ్లను, అంటే టిప్‌లను, లెక్కపెట్టి వానను కొలుస్తాయి). ఒక గంట వాన. గేజ్‌లు ఉన్న పది చోట్లా రాడార్ లెక్కగట్టిన వానను కూడితే 106.0 మిల్లీమీటర్లు వస్తోంది, గేజ్‌లు కొలిచింది కూడితే 145.2. చాలామంది ఇక్కడ చేసే పని ఒక్కటే: రెండోదాన్ని మొదటిదానితో భాగించి, వచ్చిన 1.37తో రాడార్ మ్యాప్ మొత్తాన్ని గుణించడం. ఆ 1.37 ఎందుకు తప్పో, దాని వెనక ఎన్ని వేర్వేరు లోపాలు దాక్కున్నాయో, వాటిని ఏ వరసలో విడదీయాలో ఈ కేసులో చూద్దాం. అంకెలు పద్ధతిని చూపడానికి ఎంచుకున్నవి, ఏ ఒక్క కేంద్రం రికార్డూ కాదు. లెక్క మాత్రం ఎవరైనా కాగితం మీద సరిచూసుకోవచ్చు.

రాడార్ పది నిమిషాలకోసారి స్కాన్ చేస్తుంది. వాడుతున్నది 0.5 డిగ్రీల ఎత్తుకోణం, బీమ్ వెడల్పు ఒక డిగ్రీ. రిఫ్లెక్టివిటీని (చినుకుల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని బలం, గుర్తు జెడ్) వానగా మార్చడానికి మార్షల్-పామర్ సంబంధం: జెడ్ = 200 × ఆర్ ఘాతం 1.6. ఇందులో ఆర్ అంటే గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రత.

| గేజ్ | దూరం (కి.మీ.) | గేజ్ (మి.మీ.) | రాడార్ (మి.మీ.) | నిష్పత్తి |
|---|---|---|---|---|
| 1 | 22 | 18.4 | 13.0 | 1.42 |
| 2 | 35 | 26.2 | 18.5 | 1.42 |
| 3 | 41 | 9.6 | 7.4 | 1.30 |
| 4 | 48 | 3.2 | 1.1 | 2.91 |
| 5 | 57 | 31.0 | 20.2 | 1.53 |
| 6 | 63 | 0.0 | 14.8 | 0 |
| 7 | 70 | 7.8 | 6.1 | 1.28 |
| 8 | 78 | 14.2 | 8.3 | 1.71 |
| 9 | 92 | 22.8 | 11.4 | 2.00 |
| 10 | 104 | 12.0 | 5.2 | 2.31 |

ముందు గేజ్‌ను పరీక్షించాలి

రాడార్‌ను సరిచేయడానికి గేజ్‌ను ప్రమాణంగా పెట్టుకుంటున్నాం కాబట్టి మొదటి అనుమానం గేజ్ మీదే ఉండాలి. ఈ పట్టికలో ఆరో గేజ్ సున్నా చూపుతోంది. రాడార్ అక్కడ 14.8 మి.మీ. చూస్తోంది, అటూ ఇటూ ఉన్న గేజ్‌లలోనూ వాన ఉంది. గరాటు మూసుకుపోయిందని అనుకోవడమే సబబు. ఎండుటాకులు, పక్షి రెట్ట, పురుగుల గూళ్లు గరాటు కింద సన్నటి రంధ్రంలో ఇరుక్కుంటే నీళ్లు పైనే నిలుస్తాయి. వాన ఆగాక గంటల తరబడి బొట్టుబొట్టుగా దిగుతాయి. అందుకే అలాంటి గేజ్ రికార్డులో రెండు గుర్తులుంటాయి: వాన పడుతున్నప్పుడు సున్నా, ఆకాశం తేటపడ్డాక ఒకే వేగంతో సాగే చిన్న చిన్న టిప్‌లు. ఇవి రెండూ కనబడితే ఆ గేజ్‌ను ఆ గంటకే కాదు, మనిషి వెళ్లి శుభ్రం చేసి వచ్చేదాకా జాబితాలోంచి తీసేయాలి.

ఆ ఒక్క సున్నా లెక్కలో ఎంత తేడా తెచ్చిందో చూడండి. ఆరో గేజ్ పోతే రాడార్ మొత్తం 91.2 అవుతుంది, నిష్పత్తి 145.2 / 91.2, అంటే 1.59. పది గేజ్‌లలో ఒక్క గరాటు మూసుకుపోయినందుకు ప్రాంతం మొత్తం మీద వాన 14 శాతం తగ్గిపోయేది.

సున్నా కాబట్టి దీన్ని పట్టుకోవడం తేలిక. సగం మూసుకుపోయిన గేజ్, లేదా క్యాలిబ్రేషన్ (కొలత సరి) తప్పిన గేజ్ అంత తేలిగ్గా దొరకవు. దానికి చోటికి వెళ్లి నీళ్లు పోసి చూడటమే దారి. 200 చదరపు సెంటీమీటర్ల నోరున్న గేజ్‌లో 0.2 మి.మీ. వాన అంటే 4 మిల్లీలీటర్ల నీరు. ఒక లీటరు నీళ్లు సన్నటి నాజిల్ ఉన్న సీసాలోంచి గంటసేపు కారేలా పెడితే అది గంటకు 50 మి.మీ. వానతో సమానం, 250 టిప్‌లు రావాలి. 235 వచ్చాయంటే ఒక్కో టిప్ 4 మిల్లీలీటర్లకు బదులు 4.26 మిల్లీలీటర్లు మింగుతోంది. గేజ్ 6 శాతం తక్కువ చూపుతోందన్నమాట. బకెట్ కింద రెండు పక్కలా ఉన్న ఆపుడు స్క్రూలను సమానంగా పైకి తిప్పితే బకెట్ కొంచెం ముందే ఒరుగుతుంది. ఒకే పక్క తిప్పితే కుడి టిప్‌కూ ఎడమ టిప్‌కూ కొలత వేరైపోతుంది. స్క్రూ ముట్టుకునే ముందు బకెట్ లోపలి జిడ్డు పొర తుడిచి మళ్లీ ఒకసారి కొలవాలి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించి పరీక్షించకూడదు. బకెట్ ఒరిగే క్షణంలో పడే నీరు అప్పటికే నిండిన బకెట్‌లోకే పోయి లెక్కకు రాదు. అలా పోయే సమయం 0.3 సెకను అనుకుంటే, గంటకు 100 మి.మీ. తీవ్రత దగ్గర 7.2 సెకన్లకో టిప్ పడుతుంది కాబట్టి నష్టం సుమారు 4 శాతం. గంటకు 200 మి.మీ. దగ్గర అది 8 శాతం దాటుతుంది. కుంభవృష్టి కొలతలు కావలసినవాళ్లు కనీసం మూడు వేర్వేరు తీవ్రతల దగ్గర పరీక్షించి, ఆ వంపును లాగర్‌లోనో (కొలతలను నమోదు చేసే పరికరం) తర్వాతి లెక్కలోనో సరిదిద్దుకోవాలి.

ఎక్కువ చూపే గేజ్‌లూ ఉంటాయి. ప్రతి టిప్‌నూ విద్యుత్ పల్సుగా పంపే రీడ్ స్విచ్ అరిగితే ఒక టిప్‌కు రెండు పల్సులు పడతాయి. 0.2 మి.మీ. టిప్‌లు రెండు ఒక సెకను తేడాతో వచ్చాయంటే అది గంటకు 720 మి.మీ. తీవ్రత, నమ్మదగింది కాదు. అందుకే లాగర్ గంట మొత్తం కాకుండా ఒక్కో టిప్ సమయాన్ని దాచాలి. గంట మొత్తంలో ఈ తప్పు కలిసిపోయి కనిపించకుండా పోతుంది. పొడి రోజున పొద్దున్నే ఉన్నట్టుండి 5 మి.మీ. కనిపిస్తే అది శుభ్రం చేయడానికి వెళ్లినవాళ్లు పోసిన నీళ్లు. ఇక్కడ రాడారే గేజ్‌కు సాక్షి: చుట్టుపక్కల ఏ పిక్సెల్‌లోనూ ప్రతిధ్వని లేకపోతే ఆ వాన కొట్టేయొచ్చు.

జత కలపడంలో జారే చోట్లు

గేజ్ బాగుంది, రాడార్ బాగుంది, అయినా రెండూ ఒకే వానను చూడకపోవచ్చు. మొదటి కారణం గడియారం. రాడార్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) నడుస్తుంది, గేజ్ లాగర్ స్థానిక సమయంలో ఉంటుంది. గంటల్లో కాకుండా అరగంట తేడా ఉన్న కాలమండలమైతే, స్థానిక గంటల మొత్తాలను యూటీసీ గంటలతో జతచేసినప్పుడు సగం వాన పక్క గంటలోకి పోతుంది. బయాస్ (గేజ్ మొత్తాన్ని రాడార్ మొత్తంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి) ఒక గంట 0.6, మరుసటి గంట 2.4 అని ఊగిసలాడుతుంటే బయాస్ ఫిల్టర్ మార్చడం కాదు, ముందు గడియారం చూడాలి. పది నిమిషాల మొత్తాలు తీసుకుని, గేజ్ సీరీస్‌ను పది పది నిమిషాలు ముందుకూ వెనక్కూ జరుపుతూ రాడార్‌తో సహసంబంధం లెక్కిస్తే శిఖరం సున్నా దగ్గర గానీ, ఒక అడుగు ఆలస్యం దగ్గర గానీ రావాలి. మూడు అడుగుల దగ్గర వస్తే గడియారం తప్పే.

రెండోది అక్షాంశ రేఖాంశాలు. ఒక డిగ్రీ విలువ పక్కన 30 నిమిషాలు అని ఉన్నదాన్ని దశాంశంలో .50 అని కాక .30 అని ఎక్కించడం అతి మామూలు పొరపాటు. తేడా 0.2 డిగ్రీలు, అక్షాంశంలో అయితే సుమారు 22 కిలోమీటర్లు. అలాంటి గేజ్ ఎంత ఖచ్చితంగా కొలిచినా వేరే ఊరి వానతో పోలుస్తున్నట్టే.

మూడోది గాలి. 1.5 కి.మీ. ఎత్తున రాడార్ చూసిన చినుకు సెకనుకు 6 మీటర్ల వేగంతో దిగితే నేల చేరడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. ఆలోపు సెకనుకు 10 మీటర్ల గాలి దాన్ని దాదాపు రెండున్నర కిలోమీటర్లు పక్కకు తోస్తుంది. కిలోమీటరు గ్రిడ్‌లో అది రెండు మూడు పిక్సెల్‌ల జరుగుబాటు. గాలి సమాచారం ఉంటే దాన్ని బట్టి జరపాలి, లేకపోతే గేజ్ చుట్టూ 3×3 పిక్సెల్‌ల మధ్యగతం తీసుకోవాలి. తొమ్మిదింటిలో గేజ్‌కు అతి దగ్గరగా ఉన్న విలువను ఏరుకునే సౌకర్యం కొన్ని ప్రోగ్రాముల్లో ఉంది. సరిదిద్దే దశలో అవసరాన్ని బట్టి వాడుకోవచ్చేమో గానీ, పరీక్షించే దశలో మాత్రం దాన్ని ముట్టుకోకూడదు. అలా ఏరితే ఎంత చెడ్డ రాడార్ అయినా మంచిగానే కనిపిస్తుంది.

నాలుగోది స్కాన్‌ల మధ్య ఖాళీ. సెకనుకు 15 మీటర్లు కదిలే చిన్న మేఘం పది నిమిషాల్లో 9 కి.మీ. వెళ్లిపోతుంది. స్కాన్‌లను ఉత్తినే కూడితే గంట మ్యాప్‌లో నాగటి చాళ్లలా చారలు పడతాయి, చాలు మీద ఉన్న గేజ్ ఒక మాట, చాళ్ల మధ్య ఉన్న గేజ్ ఇంకో మాట చెబుతుంది. రెండు స్కాన్‌ల మధ్య మేఘాల కదలికను లెక్కగట్టి, నిమిషానికో మధ్య చిత్రం సృష్టించి కూడితే ఈ చారలు పోతాయి. బయాస్ జోలికి వెళ్లే ముందే ఈ పని చేయాలి.

ఇన్ని చేసినా మిగిలే తేడా ఒకటుంది, దాన్ని తప్పుగా చూడకూడదు. గేజ్ నోరు 200 చదరపు సెంటీమీటర్లు, రాడార్ పిక్సెల్ ఒక చదరపు కిలోమీటరు, అంటే ఐదు కోట్ల రెట్లు పెద్దది. ఉరుముల వానలో ఒకే పిక్సెల్ లోపల ఒక మూల తడిసి ఇంకో మూల పొడిగా ఉంటుంది. కాబట్టి రాడార్‌ను ప్రతి గేజ్ దగ్గరా సరిగ్గా గేజ్ అంకెకే తెచ్చి కూర్చోబెట్టడం లక్ష్యం కాదు. అలా చేస్తే గేజ్ పొరపాటు కూడా మ్యాప్‌లోకి దిగుమతి అవుతుంది.

1.59లో రాడార్ వాటా ఎంత

తొమ్మిది గేజ్‌లు మిగిలాయి, నిష్పత్తి 1.59. దీన్ని డెసిబెల్‌లలోకి (డీబీ, సంకేతాల బలాన్ని లాగ్ కొలతలో చెప్పే ప్రమాణం) మార్చి చూడటం మంచి అలవాటు. ఘాతం 1.6 కాబట్టి 16 × లాగ్ 1.59, అంటే 3.2 డీబీ. రాడార్ ఎక్కడో 3.2 డీబీ తక్కువ చూస్తోంది, లేదా అంత తేడాకు సరిపడే కారణాలు కొన్ని కలిశాయి. ఒక్క డీబీ తప్పితే వాన 15 శాతం తప్పుతుందని గుర్తుంచుకుంటే రాడార్ ఇంజినీరుతో మాట్లాడటం తేలికవుతుంది. ఆయనకు మిల్లీమీటర్లు కాదు, డీబీలు అర్థమవుతాయి.

రాడార్‌కు దగ్గరగా ఉన్న మొదటి రెండు గేజ్‌ల నిష్పత్తీ 1.42, అంటే 2.4 డీబీ. 22 కిలోమీటర్ల దగ్గర బీమ్ నేలకు పావు కిలోమీటరు ఎత్తున కూడా ఉండదు. ఎత్తు వల్ల వచ్చే తప్పు అక్కడ దాదాపు లేదు కాబట్టి ఈ లోటు యంత్రంలోనిదో, జెడ్-ఆర్ సంబంధానిదో అయి ఉండాలి. ఈ కేసులో ట్రాన్స్‌మిటర్ దగ్గర పవర్ మీటర్ పెడితే జవాబు దొరికింది: రాడార్ స్థిరాంకంలో (తిరిగొచ్చిన శక్తిని రిఫ్లెక్టివిటీగా మార్చే అంకె) 250 కిలోవాట్ల శిఖర శక్తి అని రాసి ఉంది, తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ గొట్టం పాతబడి 158 కిలోవాట్లే ఇస్తోంది. 158 / 250 అంటే సరిగ్గా 2 డీబీ తగ్గుదల. సూర్యుణ్ణి చూసి చేసే రోజువారీ పరీక్షలో ఇది బయటపడదు. సూర్యుడి సంకేతం రిసీవర్ వైపునే పరీక్షిస్తుంది, పంపే వైపు ఏం జరుగుతోందో దానికి తెలియదు. సూర్య పరీక్ష బాగుంది కదా అని క్యాలిబ్రేషన్ బాగుందనుకోవడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

రిఫ్లెక్టివిటీకి 2 డీబీ కలిపి వానను మళ్లీ లెక్కగట్టాలి. ఘాత సంబంధం కాబట్టి వాన అంతటా 1.334 రెట్లు అవుతుంది. గంట మొత్తాన్నే 1.334తో గుణిస్తే సరిపోదా అంటే, వడగళ్లు భారీ వానగా లెక్కకు రాకుండా రిఫ్లెక్టివిటీకి పరిమితి పెట్టుకున్నచోట సరిపోదు. ఉదాహరణకు 53 డీబీజెడ్ (డెసిబెల్‌లలో చెప్పిన రిఫ్లెక్టివిటీ) దగ్గర కత్తిరించి ఉంటే, కత్తెర పడిన పిక్సెల్‌లు ఇంక పెరగకూడదు, గుణకారం వాటినీ పెంచేస్తుంది. ముడి డేటాకు వెళ్లడమే సరైన పద్ధతి.

జెడ్-ఆర్ ఎంపిక విషయంలో ఒక మాట. 50 డీబీజెడ్ దగ్గర మార్షల్-పామర్ గంటకు 49 మి.మీ. ఇస్తుంది, 300 గుణకం 1.4 ఘాతం ఉన్న సంబంధం 63 ఇస్తుంది, ఉష్ణమండల వర్షాలకు వాడే 250, 1.2 సంబంధం 147 ఇస్తుంది. అదే 40 డీబీజెడ్ దగ్గర ఇవి వరసగా 11.5, 12.2, 21.6. గేజ్ బయాస్ ఈ సంబంధం తప్పును కొంత కప్పిపెడుతుంది గానీ, ఒకే గుణకం తేలిక వానకూ కుండపోతకూ ఒకేలా పనిచేయదు. జతలను తీవ్రతను బట్టి వేరుచేసి చూసినప్పుడు, భారీ వానలో నిష్పత్తి 1.5, తేలిక వానలో 1.0 అని వస్తుంటే బయాస్ కాదు మార్చాల్సింది, జెడ్-ఆర్.

2 డీబీ కలిపాక రాడార్ అంకెలు వరసగా ఇలా మారాయి: 17.3, 24.7, 9.9, 1.5, 26.9, 8.1, 11.1, 15.2, 6.9. ఆరో గేజ్ ఇందులో లేదు. మొత్తం 121.6, మిగిలిన బయాస్ 145.2 / 121.6, అంటే 1.194, సుమారుగా 1.19. 1.59లో పెద్ద వాటా ఒక్క మాగ్నెట్రాన్‌దే. దీన్ని పట్టించుకోకుండా గేజ్ గుణకంతోనే నెట్టుకొస్తే, ఆ గేజ్‌ల నుంచి సమాచారం రాని రాత్రి వాన మళ్లీ పాతిక శాతం తక్కువ చూపిస్తుంది.

నిష్పత్తుల సగటు, మొత్తాల నిష్పత్తి ఒకటి కావు

నాలుగో గేజ్‌ను చూడండి. మేఘం అంచున ఉంది, రాడార్ 1.1, గేజ్ 3.2, నిష్పత్తి 2.91. పట్టికలో ఉన్న తొమ్మిది నిష్పత్తుల సగటు తీస్తే 1.76 వస్తుంది. నాలుగో గేజ్ తీసేస్తే 1.62. రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్న ఒక్క గేజ్ ప్రాంతం మొత్తాన్ని ఇంత కదిలించింది. మొత్తాల నిష్పత్తిలో అదే గేజ్ ఉంటే 1.59, లేకపోతే 1.58. అందుకే మ్యాప్ అంతటికీ ఒకే గుణకం కావాలంటే మొత్తాలను మొత్తాలతో భాగించాలి. ఒక్కో గేజ్ నిష్పత్తితో పని చేయక తప్పని చోట లాగ్‌లలో చేయాలి, అప్పుడు రెట్టింపు, సగం రెండూ సమాన దూరంలో ఉంటాయి. దాంతోపాటు గంటకు గేజ్, రాడార్ రెండూ ఒక మిల్లీమీటరు దాటిన జతలనే తీసుకోవడం మంచిది. 0.2 మి.మీ. టిప్ ఉన్న గేజ్‌లో 0.4 మి.మీ. వాన అంటే రెండే టిప్‌లు, ఆ నిష్పత్తికి అర్థం లేదు.

దూరం పెరిగేకొద్దీ

మిగిలిన 1.19ని మ్యాప్ మొత్తానికి పెడితే ఏమవుతుంది? మొదటి గేజ్ దగ్గర 17.3 కాస్తా 20.7 అవుతుంది, నిజంగా పడింది 18.4. పదో గేజ్ దగ్గర 6.9 కాస్తా 8.2 అవుతుంది, పడింది 12.0. దగ్గర ఎక్కువైంది, దూరం ఇంకా తక్కువే ఉంది. సగటు సరిపోయింది, ఏ చోటా సరిపోలేదు.

75 కి.మీ. లోపల ఆరు గేజ్‌లు: 96.2 / 88.4, అంటే 1.09. ఆ బయట మూడు: 49.0 / 33.2, అంటే 1.48. కారణం బీమ్ ఎత్తు. 0.5 డిగ్రీల బీమ్ మధ్యభాగం 50 కి.మీ. దగ్గర 0.6 కి.మీ. ఎత్తులో, 100 దగ్గర 1.5 కి.మీ., 150 దగ్గర 2.6 కి.మీ., 200 దగ్గర 4.1 కి.మీ. ఎత్తులో ఉంటుంది. వెడల్పు కూడా 100 కి.మీ. దగ్గర 1.7 కి.మీ. దాటుతుంది. మేఘం కింది భాగంలో పెరిగే చినుకులను దూరపు బీమ్ చూడదు, పైనున్న పలచటి భాగాన్నే చూస్తుంది.

దీన్ని మూడు గేజ్‌ల మీద గీత గీసి సరిచేయాలనుకోవడం తొందరపాటు. దూరాన్ని బట్టి సరిదిద్దే వక్రానికి చాలా వాన గంటల జతలు కలిపి, లాగ్ నిష్పత్తిని దూరానికి ఎదురుగా గీయాలి. పొరల వానకూ ఉరుముల వానకూ వేరువేరుగా గీయాలి, రెంటి నిలువు ఆకారమూ వేరు. ఎక్కువ ఎత్తుకోణాల స్కాన్‌లు ఉంటే రిఫ్లెక్టివిటీ నిలువు ప్రొఫైల్‌ను నేరుగా లెక్కించి నేలకు దించడం ఇంకా మేలు. అందులో మంచు కరిగే పొర కూడా బయటపడుతుంది. ఆ పొరలో రిఫ్లెక్టివిటీ 10 డీబీ పెరిగితే వాన నాలుగు రెట్లు ఎక్కువ కనిపిస్తుంది. మ్యాప్‌లో అది రాడార్ చుట్టూ వలయంలా కనబడుతుంది, ఆ వలయంలో ఉన్న గేజ్‌ల నిష్పత్తి 1 కంటే బాగా తక్కువ ఉంటుంది. అక్కడి గేజ్‌లను మిగతావాటితో కలిపి ఒకే బయాస్ తీస్తే వలయం లోపలా బయటా అంతా పాడవుతుంది.

గేజ్‌లు ఎన్ని ఉన్నా సరిచేయలేని తప్పు సి-బ్యాండ్‌లో ఒకటుంది: గట్టి వాన వెనక సంకేతం క్షీణించడం. ఒక దిక్కులో భారీ మేఘం, దాని వెనక నీడలా సన్నటి వాన. ఆ నీడలో గేజ్ ఉంటే నిష్పత్తి పెరుగుతుంది, పక్క దిక్కులో మామూలుగా ఉంటుంది, పది నిమిషాల్లో మేఘం కదిలి నీడా కదులుతుంది. ద్వంద్వ ధ్రువణ రాడార్ (అడ్డంగా, నిలువుగా కంపించే రెండు తరంగాలను వాడేది) అయితే ఆ రెండు తరంగాల దశ తేడాను వాడాలి. సి-బ్యాండ్‌లో డిగ్రీకి సుమారు 0.08 డీబీ నష్టం తీసుకుంటే, దశ 60 డిగ్రీలు పెరిగిన చోట 4.8 డీబీ, అంటే వాన సగమే కనిపిస్తోంది. ఇది గేజ్‌ల దాకా రాకముందే సరిచేయాలి. రాడార్ గుమ్మటం తడిసినప్పుడు వచ్చే నష్టం ఇందుకు పూర్తి వ్యతిరేకం. అది అన్ని దిక్కులనూ దాదాపు ఒకేలా తగ్గిస్తుంది, వాన రాడార్ మీద పడ్డంతసేపే ఉంటుంది. గంటవారీ ఒకే గుణకం దాని కోసమే పుట్టిందా అన్నంత బాగా పనిచేస్తుంది.

చోటును బట్టి సరిదిద్దడం

దూరం తప్పు తీశాక ఇంకా చోటుచోటుకూ తేడా మిగిలి, గేజ్‌లు తగినంత దగ్గరగా ఉంటేనే ఈ మెట్టు ఎక్కాలి. 1975లో బ్రాండెస్ చూపిన పద్ధతి ఇప్పటికీ సులువైనది: ప్రతి గేజ్ దగ్గరా నిష్పత్తి తీసి, దూరం పెరిగేకొద్దీ బరువు తగ్గిస్తూ మధ్య చోట్లకు పరచడం. దూర వర్గం విలోమాన్ని బరువుగా తీసుకుని ఒక పిక్సెల్ లెక్క చూద్దాం. అది తొమ్మిదో గేజ్‌కు 6 కి.మీ., పదో గేజ్‌కు 14 కి.మీ. దూరంలో ఉంది. బరువులు 1/36, 1/196, అంటే 0.845, 0.155. 2 డీబీ కలిపాక ఆ గేజ్‌ల నిష్పత్తులు 1.50, 1.74. లాగ్‌లలో కలిపితే 1.53. రాడార్ ఆ పిక్సెల్‌లో 4.0 మి.మీ. చూపితే సరిచేసినది 6.1.

ఇక్కడ గుణించాలా, కూడాలా అన్నది అసలు చర్చ. పదో గేజ్ దగ్గర తేడా 5.1 మి.మీ. దాన్ని కూడిక పద్ధతిలో పరిస్తే, రాడార్ అర మిల్లీమీటరు చూసిన పక్క పిక్సెల్‌లో ఐదున్నర మిల్లీమీటర్ల దొంగ వాన పుడుతుంది. గుణకారంలో ఆ ప్రమాదం లేదు గానీ, రాడార్ సున్నా చూసిన చోట ఎంత గుణించినా సున్నాయే. గుణకం 3 దాటినా, 0.3 కంటే తగ్గినా దాన్ని అక్కడే ఆపి ఆ గేజ్‌ను పరిశీలనకు పంపాలని మా సలహా. రెండూ కలిపిన మిశ్రమ పద్ధతి, గుణకారం, కూడిక, ఒకే బయాస్, నాలుగూ డబ్ల్యూరాడ్‌లిబ్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీలో సిద్ధంగా ఉన్నాయి, ఒకే డేటా మీద నాలుగూ నడిపి చూడటం అరపూట పని.

గేజ్‌లు ఇంకా దట్టంగా ఉంటే, 2005లో సింక్లెయిర్, పెగ్రామ్ వివరించిన షరతు విలీనం మంచి ఫలితమిస్తుంది. గేజ్ విలువలను క్రిగింగ్ (చుట్టుపక్కల కొలతల సంబంధాన్ని బట్టి మధ్య చోట్లను అంచనా వేసే గణాంక పద్ధతి) చేసి ఒక మ్యాప్, గేజ్ చోట్ల ఉన్న రాడార్ విలువలను అదే విధంగా క్రిగింగ్ చేసి ఇంకో మ్యాప్ గీస్తారు. రాడార్ అసలు మ్యాప్‌లోంచి రెండోదాన్ని తీసేస్తే గేజ్‌ల మధ్య వాన ఆకారం మాత్రం మిగులుతుంది, దాన్ని మొదటి మ్యాప్‌కు కలుపుతారు. ఆకారం రాడార్‌ది, పరిమాణం గేజ్‌ది. కలిపాక రుణ విలువలు వస్తే సున్నా చేయాలి.

మ్యాప్ వేసి కళ్లతో చూడటం మానకూడదు. గేజ్‌ల చుట్టూ గుండ్రటి మచ్చలు, గురిపలకల్లాంటివి, కనిపిస్తే ప్రభావ వ్యాసార్థం చిన్నదైపోయిందని, లేదా ఆ గేజ్ చెడిందని అర్థం.

దాచి చూడటం

సరిచేశాక గేజ్‌తో పోల్చి తేడా తగ్గిందనడం పరీక్ష కాదు, ఆ గేజ్‌తోనే కదా సరిచేసింది. ఒక్కో గేజ్‌ను పక్కన దాచి, మిగతావాటితో సరిచేసి, దాచిన చోట ఎంత వచ్చిందో చూడాలి. పదో గేజ్‌ను దాస్తే ఒకే గుణకం 133.2 / 114.7, అంటే 1.16, అక్కడి అంచనా 8.0. దగ్గర, దూరం అని రెండు పట్టీలుగా చేస్తే దూరపు గుణకం 37.0 / 26.3, అంటే 1.41, అంచనా 9.7. పడింది 12.0. పొరపాటు 4.0 నుంచి 2.3కి తగ్గింది, పోలేదు. పదో గేజ్ దాచాక దూరపు పట్టీలో మిగిలింది రెండే గేజ్‌లు కాబట్టి అంతకంటే ఆశించకూడదు కూడా.

ఇలా తొమ్మిదింటికీ చేసి, పొరపాట్లను తేలిక వానకు, భారీ వానకు వేరువేరుగా రాయాలి. సంక్లిష్టమైన పద్ధతి దాచిన గేజ్‌ల దగ్గర సాదా పద్ధతి కంటే మెరుగు చూపకపోతే సాదా పద్ధతినే నడపాలి. పది గేజ్‌ల ఈ నెట్‌వర్క్‌లో ఒక గంటకు క్రిగింగ్ చేయడం మాకు సరైన నిర్ణయంగా కనిపించదు.

ప్రతి గంటా నడపడానికి

ఒక్క గంట బయాస్‌ను అలాగే వాడితే అది గంటగంటకూ ఊగుతుంది. లాగ్ బయాస్ మీద కాల్మన్ ఫిల్టర్ (పాత అంచనాను, కొత్త కొలతను వాటి నమ్మకాన్ని బట్టి కలిపే లెక్క) పెడితే ఊగు తగ్గుతుంది. ముందు గంట నుంచి వచ్చిన అంచనా 0.050, దాని విస్తృతి (అంచనాలో ఉన్న అనిశ్చితి కొలత) 0.010 అనుకుందాం. ఈ గంట గేజ్‌లు చెప్పినది లాగ్ 1.194, అంటే 0.077. తొమ్మిది జతలు ఉన్నాయి కాబట్టి దాని విస్తృతి 0.005 అనుకుంటే, కొత్త సమాచారానికి ఇచ్చే బరువు 0.010 / 0.015, అంటే మూడింట రెండు వంతులు. కొత్త బయాస్ 0.068, గుణకం 1.17. అదే రెండే గేజ్‌లు అందిన గంటయితే విస్తృతి 0.020 తీసుకోవాలి. బరువు మూడో వంతుకు పడిపోతుంది, గుణకం 1.15 దగ్గరే ఆగుతుంది. జతలు ఐదు కంటే తక్కువైతే చోటువారీ సరిదిద్దడాన్ని ఆపి ఒకే గుణకానికి, ఒక్క జతా లేకపోతే పాత గుణకాన్ని నెమ్మదిగా దీర్ఘకాల సగటు వైపు జారనివ్వడానికి నియమం ముందే రాసి పెట్టాలి. వరద రాత్రి కూర్చుని తేల్చుకునే విషయం కాదిది.

గేజ్ సమాచారం రాడార్ కంటే ఆలస్యంగా వస్తుంది. అందుకని రెండు ఉత్పత్తులు నడపాలి: ముందు గంట గుణకంతో వెంటనే వెళ్లేది ఒకటి, గేజ్‌లన్నీ చేరాక మళ్లీ లెక్కగట్టేది ఇంకొకటి. ఫైలు పేరులోనే ఏది ఏదో తెలియాలి. ప్రతి గంటకూ ముడి రిఫ్లెక్టివిటీ, వాడిన జెడ్-ఆర్, కలిపిన డీబీ, వాడిన గేజ్‌ల జాబితా, తీసేసిన గేజ్‌లు కారణంతో సహా, ఆ గంట గుణకం, దాని విస్తృతి దాచాలి. మాగ్నెట్రాన్ మార్చిన రోజు ఈ చిట్టాలో గుణకం ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఆ రోజు ఫిల్టర్ జ్ఞాపకాన్ని చేత్తో చెరిపి కొత్తగా మొదలుపెట్టాలి. లేకపోతే తర్వాతి కొన్ని గంటల వానను పాత గుణకం ఎక్కువ చేసి చూపిస్తుంది.